ఉద్యోగమనగా ప్రయత్నము

"చదువు ముగిసిన పిమ్మట మీరేమి చేయుదురు?" అని ఎవరైనను మిమ్ము ప్రశ్నించినచో, మీలో చాలమంది "ఉద్యోగము చేయుదుము" అని తడుముకొనక చెప్పుదురు. ఆ కోరికలో దోషమేమియు లేదు. కాని ఆ మాటకు అర్థమేమో ఒక్కసారి యోచింపుడు. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక అని అర్థము. మహాభారతమున ఉద్యోగపర్వమను పేరుగల పర్వమొకటి కలదు. పాండవులు పరుల కొలువున నుండినది ఆ పర్వమునందు కాదు. దానికి ముందున్న విరాటపర్వమునందు. ఉద్యోగపర్వమునందు వారు తమ రాజ్యమును తాము తిరిగి పొందుటకై ప్రయత్నము సాగించిరి. కాలక్రమమున మన వ్యవహారములో ఆ మాట నెలజీతపు కొలువునకే పరిమితమైనది. ప్రయత్నమను అర్థము మరుగుపడినది.

ఆ అర్థమును పుస్తకములో చదివి, పిల్లలకు చెప్పి, పరీక్షలలో అడిగిన నేనే దానిని మరచితిని. నా మరపువలన ఒక బాలునికి కలిగిన నష్టమును, ఆ పిమ్మట చాలకాలమునకు దూరదేశమున నేను నేర్చుకొన్న పాఠమును మీకు చెప్పదలచితిని.

1986వ సంవత్సరమున నేను గోదావరి ప్రాంతమునందలి ఒక గ్రామమున ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. చదువున మధ్యముడు. నేను వ్రాయించు వ్యాసములలో అక్షరదోషములు తరచుగా చేసెడివాడు. అతడు ప్రతి ఆదివారమును సైకిలుపై పట్టణమునకు పోయి, వ్రాతపుస్తకములను డజను పదునైదు రూపాయల చొప్పున కొని తెచ్చి, తోడి పిల్లలకు ఒక్కొక్కటి రూపాయి నలుబది పైసలకు అమ్మెడివాడు. గ్రామమునందలి అంగడిలో అదే పుస్తకము రూపాయిన్నర. కొన్న పిల్లలకు పది పైసలు మిగులును. అతనికి పదునైదు పైసలు మిగులును.

ఈ సంగతి నాకు తెలిసినది. తరగతిలో అందరియెదుట అతనిని నిలువబెట్టి, చేతిలోని లెక్కల పుస్తకమును లాగికొని, "నీవు బడికి చదువుటకు వచ్చుచున్నావా, బేరము చేయుటకు వచ్చుచున్నావా? తక్కెడ పట్టువానికి చదువు అబ్బునా?" అంటిని. పిల్లలందరును నవ్విరి. అతడు బదులు పలుకలేదు. దసరా సెలవుల తరువాత అతడు బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరును విచారింపలేదు. నేనును విచారింపలేదు.

చాల సంవత్సరములకు ఇల్లు మారునప్పుడు, పాత కాగితముల పెట్టెలో ఆ లెక్కల పుస్తకము నా చేతికి వచ్చినది. తెరచి చూచితిని. ప్రతి పుటలోను నాలుగు గళ్లు గీయబడియున్నవి: కొన్నవి, అమ్మినవి, మిగిలినవి, బాకీ. ఒకచోట "వానలో తడిసినవి 2 – నష్టము" అని వ్రాసియున్నది. బాకీ గడిలో ముగ్గురు పిల్లల పేర్లును, వాటి ప్రక్కన "కోతల తరువాత" అనియు కలదు. వారు మువ్వురును కూలివారి బిడ్డలు. పుస్తకమంతయు వెదకితిని, ఒక్క అక్షరదోషమైనను కనబడలేదు. నేను చెప్పిన వ్యాసమున తప్పులు వ్రాసినవాడు తన లెక్కలో తప్పు వ్రాయలేదు. ఆ దినమున నేను లాగికొన్నది అతని సరకుల పద్దు కాదు. ఆ ఏడు మా తరగతిలో ఎవరైనను చేసిన మేలైన అభ్యాసము.

ఉద్యోగవిరమణానంతరము నా కుమార్తెను చూచుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమునకు వెళ్లితిని. అచట కనెక్టికట్ నది యొడ్డున స్ప్రింగ్‌ఫీల్డ్ అను నగరము కలదు. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు కనిపెట్టినది ఆ నగరముననే. కాని నేను చూడబోయినది ఆటస్థలమును కాదు. ఒక పాత ఆయుధాగారమును. 1794లో ఆ దేశప్రభుత్వము అచట తుపాకులు చేయు కర్మాగారమును నెలకొల్పెను. తుపాకి కొయ్యపిడి వంటి వంకరటింకర ఆకృతులను ఒక నమూనానుబట్టి వరుసగా చెక్కగల యంత్రమును థామస్ బ్లాంచర్డ్ అను నిపుణుడు సుమారు 1820 ప్రాంతమున అచట పనిలో పెట్టెను. ఒక తుపాకి భాగము వేరొక తుపాకికి సరిపోవునట్లు కొలతలు కుదుర్చు పనితనము అచట వృద్ధిపొందెను. ఆ పనితనము నేర్చిన కార్మికులు చుట్టుప్రక్కల పట్టణములలో యంత్రశాలలు పెట్టుకొనిరి.

1968లో ఆ ఆయుధాగారము మూతపడెను. నూటడెబ్బది యేండ్లకు పైగా ఊరికి అన్నము పెట్టిన కర్మాగారము మూతపడినచో ఆ ఊరి గతి యేమగును? ఆ నగరవాసులు ఆ భవనములను పాడుపడనీయలేదు. 1967లో ఏర్పడిన స్ప్రింగ్‌ఫీల్డ్ సాంకేతిక కమ్యూనిటీ కళాశాల ఆ ప్రాంగణమున నెలకొన్నది. ఆయుధాగారపు ప్రధానభవనము నేడు వస్తుప్రదర్శనశాల. దాని చుట్టునున్న కట్టడములలో యువకులును, నడివయసువారును పుస్తకములు చేతపట్టి తిరుగుచున్నారు.

కమ్యూనిటీ కళాశాల యనగా నేమి? అది ప్రజాసముదాయపు కళాశాల. ఉన్నత పాఠశాలకును విశ్వవిద్యాలయమునకును నడుమనున్న మెట్టు. ఇట్టివానిలో నేటికిని నడచుచున్న వానిలోకెల్ల పురాతనమైనది ఇలినాయ్ రాష్ట్రమునందలి జోలియెట్ నగరమున 1901లో వెలసెను. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడైన విలియం రెయినీ హార్పరును, జోలియెట్ ఉన్నత పాఠశాలాధికారియైన జె. స్టాన్లీ బ్రౌనును కలిసి యోచించి, విశ్వవిద్యాలయపు మొదటి రెండేండ్ల చదువును పిల్లల యింటి చెంతనే చెప్పించుటకు పూనుకొనిరి. మొదట చేరినవారు ఆరుగురు మాత్రమే. నేడు ఆ దేశమున ఇట్టి కళాశాలలు సుమారు వేయి యున్నవి.

ఈ కళాశాలల ప్రత్యేకత వాని తలుపులయందు కలదు. అవి సామాన్యముగా ఎవరికిని మూయబడవు. ఉన్నత పాఠశాల ముగించిన వారెవరైనను చేరవచ్చును. విశ్వవిద్యాలయములకంటె రుసుము తక్కువ. పగలు పనిచేయువారికి సాయంకాల తరగతులు కలవు. పదునెనిమిదేండ్ల బాలిక ప్రక్కన ఏబదియేండ్ల లారీ చోదకుడు కూర్చుండి చదువుట అచట వింత కాదు. రెండేండ్లు చదివి అసోసియేట్ పట్టము పొందవచ్చును. ఆ పట్టముతో విశ్వవిద్యాలయమున పైతరగతిలో చేరవచ్చును. కొలదినెలలలో ముగియు చిన్న చదువులును కలవు. దాదియర పని, విద్యుత్పరికరముల మరమ్మతు, లెక్కలు వ్రాయుట మొదలగు వృత్తివిద్యలన్నియు అచట నేర్పబడును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత లక్షలకొలది సైనికులు ఇండ్లకు మరలివచ్చిరి. వారికి చదువును, బ్రదుకుతెరువును చూపవలసివచ్చెను. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘము దేశమంతట కమ్యూనిటీ కళాశాలలు వ్యాపింపవలెనని సూచించెను. ఆ పేరు జనుల నోళ్లలో నానుటకు ఆ నివేదికయే ముఖ్యకారణము. అదే 1947లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మైల్స్ మేస్ అను ఆచార్యుడు, క్రొత్త వ్యాపారసంస్థను నెలకొల్పి నడపుట యెట్లో తెలుపు పాఠములను మొదలిడెను. ఆ తరగతిలో 188 మంది చేరిరి. అంతకుముందు వ్యాపారకళాశాలలు ముఖ్యముగా ఉన్న సంస్థలను నడపుటను బోధించెడివి. లేని సంస్థను కలుగజేయుట ఎట్లు అను ప్రశ్న అప్పుడు తరగతిగదిలోనికి వచ్చినది. ఈ విద్యనే ఆంట్రప్రెన్యూర్‌షిప్ అందురు. మనవారు దీనిని వ్యవస్థాపకత యని తెలిగించిరి. ఈ విద్యను కమ్యూనిటీ కళాశాలలలో పెంపొందించుటకై 2002లో ఒక జాతీయసంఘము ఏర్పడినది. అది పుట్టినదియు స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమునందే.

వ్యవస్థాపకుడనగా నెవడు? 1755లో ప్రకటింపబడిన రిచర్డ్ కాంటిలాన్ గ్రంథమున దీనికి సులభమైన వివరణము కలదు. తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్ముటకు సిద్ధపడువాడే వ్యవస్థాపకుడు. రైతు నేడు విత్తనమును తెలిసిన ధరకు కొనును. నాలుగు నెలల పిమ్మట పంట యే ధరకు అమ్ముడుపోవునో అతనికి తెలియదు. ఈ వివరణమునుబట్టి చూచినచో మన పల్లెలనిండ వ్యవస్థాపకులే కలరు. నా తరగతిలో ఆ బాలుడును అట్టివాడే. పుస్తకములను పదునైదు రూపాయలకు కొన్నాడు. వానలో రెండు తడియునని అతనికి ముందుగా తెలియదు.

నా కుమార్తె యింటికి సమీపమున మన తెలుగు గృహిణి యొకామె యుండెను. నలుబదియేండ్లు దాటిన వయస్సు. ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె చేయు ఆవకాయకు మావారిలో మంచి పేరు. ఆ పేరునుబట్టి ఆమె పచ్చళ్ల వ్యాపారము ప్రారంభించి, దానితోపాటు ఒక కమ్యూనిటీ కళాశాలలో సాయంకాలపు తరగతికి పోవుచుండెను. నేను ఉపాధ్యాయుడనని తెలిసి, ఒకనాడు తన పుస్తకమును తెచ్చి చూపినది.

"మాస్టారూ! మొదటిదినమున మా ఉపాధ్యాయుడు 'నీ సరకును ఎవరు కొందురు?' అని అడిగినాడు. 'అందరును కొందురు' అంటిని. 'అందరును అనువారు ఏ వీథిలో నుందురు?' అని అతడు మరల అడిగినాడు. నాకు బదులు తోచలేదు" అని ఆమె నవ్వినది.

"తరువాత నేమైనదమ్మా?" అంటిని.

"నన్నెరుగనివారు పదిమందితో మాటలాడి రమ్మన్నాడు. బంధువులు మెచ్చుకొందురు కాని వారి మెప్పు లెక్కకు రాదన్నాడు. వెళ్లితిని. పదిమందిలో ఆరుగురు కారము తగ్గింపుమనిరి. ఇద్దరు సీసా పెద్దదనిరి. ఒకరు పచ్చడి యేమిటో తెలియదనిరి. ఒక్కరు మాత్రము మరల ఎప్పుడు తెత్తువని అడిగిరి."

ఆ పిమ్మట ఆమె తన లెక్కను చూపినది. సీసా యొక్కటి ఎనిమిది డాలర్లకు అమ్మును. అందు మామిడి, నూనె, ఆవపిండి మొదలగువానికి మూడు డాలర్లు. సీసాకును, దానిపై అంటించు చీటికిని ఒక డాలరు. రవాణాకు ఒక డాలరు. వెరసి ఐదు డాలర్లు. సీసాకు మూడు డాలర్లు మిగులునని ఆమె సంతోషించెడిది. కాని ఆ ప్రాంతపు నియమములనుబట్టి అమ్మకపు పచ్చళ్లను ఇంటిలో చేయరాదు. అనుమతి గల వంటశాలలో చేయవలెను. దాని అద్దె నెలకు 240 డాలర్లు. భీమాకును అనుమతికిని 60 డాలర్లు. సీసాలు అమ్మినను అమ్మకున్నను ఈ 300 డాలర్లు చెల్లింపవలసినదే.

బాలబాలికలారా! ఇచట మీరు కొంచెము ఆగి లెక్క వేయుడు. సీసాకు మూడు డాలర్లు మిగులుచుండగా, 300 డాలర్లు రాబట్టుటకు ఎన్ని సీసాలు అమ్మవలెను? నూరు. నూరవ సీసా అమ్మువరకును ఆమెకు లాభము లేదు. ఈ నూరును లాభనష్టముల సమస్థితి యందురు. ఆమె నెలకు అమ్ముచుండినవి అరువది సీసాలు. అనగా నెలకు 120 డాలర్ల నష్టము. చేతిలో డబ్బు ఆడుచుండుటచే లాభమే వచ్చుచున్నదని ఆమె భ్రమించినది. ఆరునెలలు గడచినను నష్టము కంటబడలేదు. ఎందుకనగా ఇంటి ఖర్చును, వ్యాపారపు ఖర్చును ఒకే సంచిలో నుంచినది.

"ఈ లెక్క వేసిననాడు నాకు ఏడుపు వచ్చినది, మాస్టారూ. వ్యాపారము మానివేయుదుననుకొంటిని. మా ఉపాధ్యాయుడు 'మానుటయు ఒక నిర్ణయమే. కాని దానికి ముందు ప్రతి అంకెను ఒక్కసారి ప్రశ్నించుము' అన్నాడు. వంటశాల అద్దె అంకెను ప్రశ్నించితిని. రొట్టెలు చేయు మరొక స్త్రీతో కలసి సగము అద్దెకు తీసికొంటిని."

అద్దె 120, భీమా మొదలగునవి 60, మొత్తము 180 డాలర్లు. ఇప్పుడు అరువది సీసాలకే సమస్థితి. ఎనుబది అమ్మినచో 60 డాలర్లు మిగులును. "ఇందు నా కూలి ఇంకను చేరలేదు. దానినికూడ చేర్చిననాడే ఇది నిజమైన వ్యాపారమగును" అని ఆమె తన పుస్తకము మూసినది. ఆమె యింకను ధనవంతురాలు కాలేదు. కాని తాను ఎచట నిలిచియున్నదో ఆమెకు తెలిసినది. విద్యకు అంతకంటె ప్రయోజనమేమి కావలెను?

ఆమె పాఠ్యక్రమమును నేను శ్రద్ధగా చూచితిని. అందలి ముఖ్యాంశములు ఇవి: జనుల అవసరమును కనుగొనుట; కొనువారిని ఎరుగుట; వెలకట్టుట; ఆదాయవ్యయముల పద్దు వ్రాయుట; వ్యాపారమును ఒంటరిగా నడపుటకును, పాలుదారులతో నడపుటకును గల చట్టభేదము; పన్నులు; అప్పు తెచ్చుటకు ముందు చూడవలసిన విషయములు; తలచిన వ్యాపారమును గూర్చి పదిమంది యెదుట నిలిచి స్పష్టముగా చెప్పుట. ఇందు గణితము కలదు, పౌరశాస్త్రము కలదు, భాష కలదు. మన బడిలో మనము వేరువేరుగా చదువు విషయములన్నియు అచట ఒక్క పనికై కలసికట్టుగా వచ్చినవి.

భారతదేశమునుండి వెళ్లి అమెరికాలో ఆచార్యురాలైన సరస్వతి యను విదుషి, అనుభవజ్ఞులైన వ్యవస్థాపకులు ఆలోచించు తీరును పరిశీలించి 2001లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. వారు పెద్ద లక్ష్యము నొకటి పెట్టుకొని దానికి కావలసిన ధనమునకై వెదకుటకంటె, తమ చేతనున్నదానితో మొదలిడుదురట. నేనెవడను? నాకేమి తెలియును? నేనెవరి నెరుగుదును? అను మూడు ప్రశ్నలు వారికి పెట్టుబడి. ఎంత లాభము వచ్చునని కాక, ఎంత పోయినను తట్టుకొనగలనని వారు ముందుగా చూచుకొందురట. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమనెడు మన పెద్దలకు ఈ మాట క్రొత్త కాదు.

ఈ విద్య నేర్చినవారందరును సంపన్నులగుదురని తలపకుడు. అమెరికాలో క్రొత్తగా పెట్టిన వ్యాపారములలో సుమారు సగము ఐదేండ్లలోపుననే మూతపడుచున్నవి. ఈత నేర్చినవానికి నది భయము తగ్గును కాని నది లోతు తగ్గదు. ఇల్లు తాకట్టుపెట్టి, వడ్డీకి అప్పు తెచ్చి, లెక్క లేని ధైర్యముతో దిగువాడు సాహసి కాడు, జూదరి. నమ్మి కొన్నవానిని మోసగించి గడించువాడు వ్యవస్థాపకుడు కాడు, దొంగ.

జూదరికిని వ్యవస్థాపకునికిని గల భేదమును చక్కగా తెలుపు ఆట యొకటి కలదు. నేలపై మేకునొకదానిని పాతి, దానిపై పడునట్లు వలయములను విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఎవరికివారే నిర్ణయించుకొనవచ్చును. కొందరు మేకు ప్రక్కనే నిలిచి వేయుదురు. అందు గెలుపు తప్పదు, నేర్చుకొనునదియు లేదు. కొందరు చాల దూరమునుండి విసరుదురు. పడినచో అది అదృష్టమే. సాధింపవలెనను పట్టుదల గలవారు మాత్రము కష్టమైనను సాధ్యమైన దూరమును ఎన్నుకొందురు. ఈ ఆటను తన పరిశోధనలలో ఉపయోగించి ప్రసిద్ధికెక్కినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లీలాండ్.

ఈ మెక్లీలాండ్ పేరునకును మన తెలుగునాటికిని గాఢమైన సంబంధము కలదు. సాధింపవలెననెడు తపన పుట్టుకతో వచ్చునదా, నేర్పిన వచ్చునదా అను ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఆయన ఎన్నుకొన్న పట్టణములలో మన కాకినాడ ముఖ్యమైనది. 1964లో కాకినాడనుండి సుమారు ఏబదిమంది వ్యాపారులును, వృత్తులవారును కొన్ని జట్లుగా హైదరాబాదునందలి చిన్నపరిశ్రమల శిక్షణసంస్థకు వచ్చి కొలదిదినముల శిక్షణ పొందిరి. తమకు తామే లక్ష్యమేర్పరచుకొనుట, తమ పని ఫలితమును తామే కొలుచుకొనుట వంటివి వారికి నేర్పిరి. తరువాత శిక్షణ పొందనివారితో వారిని పోల్చి చూచిరి. శిక్షణ పొందినవారు ఎక్కువగా పాటుపడిరి. క్రొత్త వ్యాపారములను ఎక్కువగా మొదలిడిరి. ఎక్కువ పెట్టుబడి పెట్టి, ఎక్కువమందికి పని కల్పించిరి. సంప్రదాయములను పాటించుట గాని, కులము గాని, కట్టు బట్ట గాని ఇందుకు అడ్డు కాలేదని తేలినది. ఈ ఫలితములను మెక్లీలాండ్, డేవిడ్ వింటర్ అను సహచరునితో కలసి 1969లో గ్రంథముగా ప్రకటించెను. ఆ శిక్షణసంస్థ నేటికిని హైదరాబాదున జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ యను పేర నడచుచున్నది.

కమ్యూనిటీ కళాశాలయను భావము మన దేశమునకును వచ్చినది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము 1995లో ఇట్టి కళాశాలను ప్రారంభించెను. 12వ పంచవర్ష ప్రణాళికా కాలమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఇట్టివానికి తోడ్పడు పథకమును ప్రవేశపెట్టెను. కాని కళాశాల భవనముకంటె ముందు మన మనస్సులలో తలుపు తెరువవలసియున్నది. బేరము చేయుట హీనము, కొలువు చేయుట ఘనము అను తలంపు ఉన్నంతవరకు ఏ కళాశాలయు ఫలింపదు. ఆ తలుపును ఒక బాలుని ముఖముపై మూసినవాడను గనుక ఈ మాట చెప్పుచున్నాను.

అమెరికానుండి తిరిగివచ్చిన పిమ్మట ఆ పాత పుస్తకమును పట్టుకొని నేను ఆ గ్రామమునకు వెళ్లితిని. అతనిని కనుగొనుట కష్టము కాలేదు. అతనికిప్పుడు ఏబదియేండ్లు దాటినవి. పట్టణమున ఇతరుల అంగళ్లలో ముప్పదియేండ్లకు పైగా పనిచేసినాడు. నన్ను చూచి ఆదరముతో లేచి నిలిచి, కుర్చీ వేసినాడు. నేను జరిగినది చెప్పి, తప్పు నాదని ఒప్పుకొంటిని.

అతడు కోపింపలేదు. "సొంతముగా చిన్న అంగడి పెట్టుదమని చాలసారులు అనిపించినది, మాస్టారూ. అనిపించినప్పుడెల్ల, నిలువబెట్టి మీరన్న మాట జ్ఞాపకము వచ్చెడిది. నాకు తగని పని కాబోలునని మానుకొనెడివాడను" అని నెమ్మదిగా చెప్పినాడు. కొట్టినను అంత నొప్పి కలుగదు.

అతనికి ఒక కుమార్తె. కుట్టుపని నేర్చినది. బజారులో గది తీసికొని రవికలు కుట్టు అంగడి పెట్టవలెనని ఆమె కోరిక, తండ్రికి భయము. "నీవు అచట చూచివచ్చిన లెక్క యేదో మా పిల్లకు చెప్పుము, మాస్టారూ" అని అతని తల్లి లోపలినుండి అడిగినది. కాగితము తీసికొని ముగ్గురమును కూర్చుంటిమి.

గది అద్దె నెలకు 2,500 రూపాయలు, విద్యుత్తు 300, కుట్టుయంత్రపు వాయిదా 1,200, మొత్తము 4,000. రవిక కుట్టుటకు కూలి 150. అస్తరుగుడ్డకు, దారమునకు, కొక్కెములకు 50 పోగా మిగులునది 100. "నలుబది రవికలు కుట్టువరకు నాకేమియు మిగులదు" అని ఆ పిల్ల నేను చెప్పకమునుపే చెప్పినది. నెలకు ఎన్ని కుట్టగలవని అడిగితిని. ఏబది యన్నది. అంత కష్టపడినను మిగులునది వేయి రూపాయలే. ఆమె కొంతసేపు యోచించి, గది అద్దెను కొట్టివేసి, "మొదటి యేడు ఇంటి అరుగుమీదనే కుట్టుదును. అప్పుడు పదునైదు రవికలకే ఖర్చు వచ్చును. తక్కిన ముప్పదియైదింటికి 3,500 నాకు మిగులును" అన్నది. పాఠము అంతటితో ముగిసినది. తండ్రి ఆ కాగితమును రెండుసారులు చూచి, మారుమాటాడక సరేయన్నట్లు తలయూపినాడు.

వెళ్లునప్పుడు లెక్కల పుస్తకమును అతని చేతిలో నుంచితిని. అతడు పుటలు త్రిప్పి, బాకీ గడిలోని మూడు పేర్లకడ ఆగినాడు. "వీరు మువ్వురును కోతల తరువాత ఇచ్చివేసినారు, మాస్టారూ. వ్రాసికొనుటకు పుస్తకము లేకపోయినది" అన్నాడు. నా కలమును అడిగి తీసికొని, ఆ మూడు పేర్లకెదురుగా "ముట్టినది" అని వ్రాసినాడు.

ఆ పుస్తకములో నా పేరు లేదు. నా బాకీ మాత్రము మిగిలియున్నది. ఈ పాఠమును దానికి తొలివాయిదాగా చెల్లించుచున్నాను.

ప్రశ్నలు

1. 'ఉద్యోగము' అను మాటకు సంస్కృతమునందలి అర్థమేమి? అది వ్యవహారమున ఎట్లు మారినది?

2. బాలుని లెక్కల పుస్తకమున ఉపాధ్యాయుడు ఏమేమి కనుగొనెను? అక్షరదోషములు లేకుండుట ఆయన కేల బాధ కలిగించెను?

3. కమ్యూనిటీ కళాశాలకును విశ్వవిద్యాలయమునకును గల భేదములను వ్రాయుడు.

4. పచ్చళ్లు చేయు గృహిణి సీసాను తొమ్మిది డాలర్లకు అమ్మినచో, 180 డాలర్ల స్థిరవ్యయమునకు ఎన్ని సీసాలకు సమస్థితి కలుగును? లెక్క చేసి చూపుడు.

5. మీ ఊరిలో చిన్న వ్యాపారము చేయువారి నొకరిని కలసికొని, వారు పద్దు ఎట్లు వ్రాయుదురో తెలిసికొని, ఒక పుటకు మించకుండ వ్రాయుడు.